వేట సీజన్‌కు ముందు: వాడిన ఇత్తడి కేసులతో జాగ్రత్త

టెక్సాస్‌లో జింకల వేట నవంబర్ మొదట్లో మొదలవుతుంది. పేల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలను, అంటే కేసులను, మళ్ళీ వాడి సొంతంగా తూటాలు నింపుకునేవాళ్ళు ఆ కేసుల పని ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే పెట్టుకోవాలి. ఆఖరి వారంలో హడావిడిగా కూర్చుంటే, పారేయాల్సిన కేసు కూడా ‘ఈ ఒక్కసారికి ఫర్వాలేదులే’ అనిపిస్తుంది.

ముందు చట్టం సంగతి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు. నింపిన తూటాలను అమ్ముకోవాలంటే మాత్రం వేరే లైసెన్స్ తీసుకోవాల్సిందే.

గురి కుదరాలని చాలామంది బుల్లెట్ మీద, తుపాకీ మందు తూకం మీద తల బద్దలు కొట్టుకుంటారు. నన్నడిగితే ముందు కేసులు ఏరాలి. కంపెనీ ముద్ర చూసి దేనికది వేరు చేయండి. మిలిటరీ 7.62 కేసుల గోడలు సాధారణంగా కాస్త మందంగా ఉంటాయి, లోపల చోటు తక్కువ. అదే మందు వాటిలో పోస్తే ఒత్తిడి పెరుగుతుంది. మూతి దగ్గర చీలినవి, ప్రైమర్ (మందును అంటించే అడుగు టోపీ) వదులుగా కూర్చునేవి పక్కన పెట్టేయండి.

అన్నిటికన్నా ప్రమాదం పైకి సరిగా కనిపించని పగులు. కేసు అడుగున మందపాటి భాగం ముగిసి పల్చటి గోడ మొదలయ్యే చోట లోపలివైపు ఇత్తడి సాగి సన్నబడుతుంది. ఒక్కోసారి బయట మెరిసే గీతలాంటి వలయం కనిపిస్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు. పేపర్ క్లిప్ ఒకటి సాఫుగా విప్పి, కొస రవ్వంత వంచి, ఆ మొనను ఆకురాయితో పదును పెట్టండి. కేసులోకి దించి, గోడకు ఆనించి అడుగు నుంచి మెల్లగా పైకి లాగండి. గాడి ఉంటే మొన టక్కున తగులుకుంటుంది. అలా తగిలితే ఆ కేసును ప్లయర్స్‌తో నొక్కి చపటా చేసి తుక్కులో వేయండి. పొరపాటున కూడా మళ్ళీ డబ్బాలోకి చేరకూడదు. లేదంటే పేల్చినప్పుడు కేసు రెండుగా తెగి, వేడి గ్యాసు వెనక్కి, ముఖం వైపు తన్నవచ్చు.

ఇలా సాగడానికి ఎక్కువసార్లు కారణం సైజింగ్ డైని (పేల్చిన కేసును మళ్ళీ కొలతకు నొక్కే అచ్చు) అవసరానికి మించి కిందికి బిగించడమే. బోల్ట్ రైఫిల్ (ప్రతిసారీ చేత్తో గడియ లాగేది) అయితే షోల్డర్, అంటే కేసు మెడ కింద ఏటవాలు భాగం, అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే వెయ్యిలో రెండు వంతులు వెనక్కి జరిగితే చాలు. మీ రైఫిల్‌లోనే పేల్చిన కేసును కొలిచి, దాన్నిబట్టి డై సర్దుకోండి.

సైజింగ్ తర్వాత పొడవు కొలవాలి. .308 విన్‌చెస్టర్ రకం తూటా కేసుకు గరిష్ఠం 2.015 అంగుళాలు, మామూలుగా 2.005కి కోస్తారు. పొడవు మీరితే కేసు మూతి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) చివర ఇరుక్కుని బుల్లెట్‌ను వదలదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. సైజింగ్‌కు ముందు కేసుకు పూసే లూబ్ (జారుడు నూనె) తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే షోల్డర్ సొట్టపడుతుంది. పని అయ్యాక దాన్ని పూర్తిగా తుడిచేయాలి. ఇక అనీలింగ్ (ఇత్తడిని వేడి చేసి మెత్తబరచడం) అంటారా, వేడి మెడకు, షోల్డర్‌కే తగలాలి. అడుగు మెత్తబడిన కేసు పనికిరాదు. సరైన సాధనం లేకపోతే ఆ జోలికి పోకండి.

మెరుపు కోసం అమ్మోనియా ఉన్న పాలిష్ వాడొద్దు. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు వాటంతటవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో గానీ తేలలేదు.

కాల్చిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. టంబ్లర్ (కేసులను దొర్లించి శుభ్రం చేసే యంత్రం) దుమ్ము ఇంట్లో రేగనివ్వకండి. గరాజ్‌లో మూత పెట్టి, మాస్క్, గ్లవ్స్‌తో పని చేయండి. కడిగిన కేసులు వంటింటి ఓవెన్‌లో ఆరబెట్టే తెలివితేటలు వద్దు. పాకే పిల్లలున్న ఇల్లయితే బట్టలు మార్చుకున్నాకే లోపలికి వెళ్ళండి.

ఇంకొకటి, షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగును ఇండియా ప్రయాణానికి అస్సలు వాడకండి. జిప్పు మడతలో ఒక్క తూటా దొరికినా ఎయిర్‌పోర్ట్‌లో ఆయుధాల చట్టం, 1959 కింద కేసు పెడతారు. ఖాళీ ఇత్తడి కేసు దొరికినా తలనొప్పే. ఇక్కడ హాబీగా చేసే ఈ పని ఊళ్ళో చేయాలనుకుంటే, అక్కడ లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయడమే నేరం.