వానలకు ముందు కారు రిపేరు: తాళం ఇచ్చే ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ మొదటి రెండు వారాల్లో మన రాష్ట్రాలను పలకరిస్తాయి. మే చివరికల్లా అందరికీ ఒక్కసారే బ్రేకులు, వైపర్లు, టైర్లు గుర్తుకొస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా హైదరాబాద్ కాలనీ సందులోని చిన్న షెడ్డులోనైనా ఆ రోజుల్లో పని ఊపిరి సలపనివ్వదు. పెద్ద మేస్త్రీ చూడవలసిన బండిని నిన్న మొన్న చేరిన కుర్రవాడు చూస్తాడు. బాగు కోసం ఇచ్చిన కారు కొత్త దెబ్బలతో తిరిగొచ్చేది ఎక్కువగా ఇలాంటప్పుడే. వీలైతే మే నెల మొదట్లోనే, శని ఆదివారాలు కాని రోజు చూసి ఇవ్వండి. అందరికన్నా ముందు వెళ్లినవాళ్ల బండికే తీరికైన చేయి దొరుకుతుంది.

ఇచ్చే ముందు రోజు కారు కడిగించండి. షెడ్డుకే కదా వెళ్తోంది, ఎందుకు దండగ అనుకోవద్దు. దుమ్ము కింద పాత గీతలు కనబడవు. తీసుకునేటప్పుడు కొత్త గీత కనిపిస్తే, అది ముందే ఉందని వాళ్లు, లేదని మీరు వాదించుకోవలసి వస్తుంది. పగటి వెలుతురులో కారు చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ ఒక వీడియో తీయండి. బంపర్ల అడుగు, చక్రాల అంచులు, ముందు అద్దం, పైకప్పు అన్నీ అందులో పడాలి. లోపల సీట్లు, తిరిగిన కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు, ఇగ్నిషన్ వేసినప్పుడు వెలిగే హెచ్చరిక దీపాలు కూడా తీయండి. డిక్కీలో స్టెప్నీ, జాకీ, పానాలు ఉన్నట్టు కనిపించాలి. బ్యాటరీ మీది సీరియల్ నంబరు, టైరు పక్కన డాట్ (DOT) అనే ఇంగ్లిషు అక్షరాల తర్వాత చివర ఉండే నాలుగు అంకెలు దగ్గరగా ఫొటో తీయండి. ఆ అంకెలు టైరు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి: 2324 అంటే 2024లో 23వ వారం. మంచి బ్యాటరీ పోయి పాతది వచ్చిందన్న అనుమానం తీర్చేది ఈ ఫొటోలే. వీడియోను అక్కడే నిలబడి సర్వీస్ అడ్వైజర్‌కు గానీ మేస్త్రీకి గానీ వాట్సాప్‌లో పంపండి. తేదీ, సమయం వాటంతట అవే నమోదవుతాయి.

బండి అప్పగించేటప్పుడు చేయవలసిన పనులు రాసే కాగితం జాబ్ కార్డు. అందులో మీరు రాయించవలసింది బండి బాధ. దానికి మందు మీరు రాయించకండి. ‘బ్రేక్ ప్యాడ్లు మార్చండి’ అని రాయిస్తే ప్యాడ్లు మారుస్తారు, వణుకు అలాగే ఉంటుంది, అడిగితే మీరు చెప్పిందే చేశామంటారు. ‘60 వేగంలో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది’ అని రాయిస్తే కారణం వెతికే బాధ్యత వాళ్లదవుతుంది. ఇంత మొత్తం దాటితే ఫోను చేసి అనుమతి తీసుకోవాలని, తీసేసిన పాత స్పేర్లన్నీ తిరిగి ఇవ్వాలని అదే కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. చిన్న షెడ్లలో జాబ్ కార్డు ఉండదు, వాట్సాప్ మెసేజీ చాలు. ఇంజన్ ఫ్లషింగ్, అండర్‌బాడీ కోటింగ్, ఏసీ శుద్ధి వంటివి మీరు అడగకుండానే ఎస్టిమేట్‌లోకి వస్తే, కంపెనీ సర్వీస్ పుస్తకంలో ఉన్నాయా అని అడగండి. లేకపోతే కొట్టేయించండి.

ఏసీ విషయంలో ఇంకాస్త ఆగాలి. ప్రతి వేసవిలో గ్యాస్ నింపించవలసి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. చాలా కార్లలో కూలింగ్ కాయిల్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. కూలి అక్కడే పెరుగుతుంది. దానికి తోడు ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి, ఒకటి రెండు స్క్రూలు మళ్లీ చోటు చేరవు, ఆ తర్వాత గతుకుల రోడ్డు మీద కటకట మొదలవుతుంది. అందుకే లీకు ఎక్కడుందో పరీక్ష చేసి చూపించే దాకా డ్యాష్‌బోర్డు మీద చేయి వేయనివ్వకండి. ముందున్న కండెన్సర్, పైపులు, వాటి చివరి రబ్బరు రింగులు ముందుగా చూడాలి. రింగుతో పోయేదానికి కాయిల్ మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక కళ్లకు కనబడని దెబ్బల సంగతి. ఇంజన్ ఆయిల్ మార్పునే తీసుకోండి, అందరికీ చిన్న పనిలా కనిపిస్తుంది. చాలా కార్లలో ఆయిల్ ఛాంబర్ అల్యూమినియంది, పాత ఆయిల్ వదలడానికి విప్పే డ్రెయిన్ బోల్టు ఉక్కుది. బోల్టును మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతో తిప్పి, తర్వాత టార్క్ పానాతో, అంటే బిగువును కొలిచే పానాతో, కంపెనీ చెప్పినంత మాత్రమే బిగించాలి. తొందరలో గాలి గన్ను పెట్టి ఒక్క ఊపున బిగిస్తే మెత్తటి అల్యూమినియం మర కొట్టుకుపోతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. కొన్నాళ్లకు పార్కింగ్‌లో నల్లటి చుక్కలు పడతాయి. తర్వాతి సర్వీసులో ఛాంబరే మార్చాలంటారు, బండి పాతదైందని కారణం కూడా చెబుతారు. ఈ పని జరిగేటప్పుడు దగ్గర ఉండండి. వాషర్ కొత్తది వేయమనండి. ఇంటికొచ్చాక రెండు మూడు రాత్రులు ఇంజన్ కింద శుభ్రమైన అట్టముక్క పరచి పొద్దున్నే చూడండి. డిప్‌స్టిక్ కూడా చూడండి, ఆయిల్ గరిష్ఠ గీత దాటినా ఇంజన్‌కు మంచిది కాదు.

చక్రాల నట్లదీ ఇదే కథ. గన్నుతో బిగించి వదిలేసిన నట్టు వానలో, రోడ్డు పక్కన, రాత్రి పూట మీ చేతి పానాకు కదలదు. టార్క్ పానాతో ఎదురెదురు నట్లను వరుసగా బిగించమని నిలబడి అడగండి. వంద కిలోమీటర్లు తిరిగేలోపు ఒకసారి మళ్లీ సరిచూడండి. జాకీ కూడా తలుపుల కింద అంచున కంపెనీ గుర్తు పెట్టిన చోటే పెట్టాలి. వేరే చోట పెడితే రేకు వంగుతుంది, పెయింటు పగులుతుంది, అక్కడి నుంచి వాన నీరు తుప్పు మొదలుపెడుతుంది. బ్రేక్ ఆయిల్ బాడీ మీద ఒలికితే పెయింటు లేచిపోతుంది. వెంటనే నీళ్లు పోసి కడగాలి, ఊరికే తుడిస్తే సరిపోదు.

వానాకాలపు అతి పెద్ద ఖర్చు నీళ్లలో మునిగిన ఇంజన్. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఎన్ని బండ్లు నీళ్లలో నిలిచిపోయాయో చూశాం. మునిగిన కారును స్టార్ట్ చేస్తే సిలిండర్లలో చేరిన నీరు కనెక్టింగ్ రాడ్లను వంచేస్తుంది. ఇంజన్ రక్షణ అనే అదనపు బీమా కవర్ లేని మామూలు పాలసీలో ఈ నష్టాన్ని బీమా కంపెనీలు తరచూ తిరస్కరిస్తాయి. ఆ కవర్ పాలసీ రెన్యువల్ అప్పుడే తీసుకోవాలి, మేఘాలు చూశాక కుదరదు. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీల మీద 50 శాతం తరుగు కోసేస్తారనీ గుర్తుంచుకోండి. మునిగిన బండిని వేరే వాహనం మీదకు ఎక్కించే తీసుకెళ్లాలి. ‘స్టార్ట్ చేయవద్దు’ అని పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్‌కు అంటించండి, ఎందుకంటే షెడ్డులో పక్కకు జరపడానికి ఎవరో తాళం తిప్పేస్తారు. నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ చూడకముందే ఇంజన్ విప్పనివ్వకండి.

బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఫాస్టాగ్ మెసేజీలు చూస్తూ ఉండండి. మీ కారు టోల్‌గేటు దాటిందని వస్తే, టెస్ట్ డ్రైవ్ ఎంత దూరం వెళ్లిందో అడగండి.

తీసుకునేది పగలే. డబ్బు కట్టకముందు మొదటి వీడియో పక్కన పెట్టుకుని చుట్టూ చూడండి, మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని నడపండి, పాత స్పేర్లు లెక్క చూసుకోండి. ‘యజమాని బాధ్యతపైనే’ అనే బోర్డు చూసి వెనక్కి తగ్గకండి. అప్పగించిన వస్తువును తనదిలా జాగ్రత్తగా చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. హోటల్‌లో పార్కింగ్‌కు ఇచ్చిన కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు, అలాంటి షరతు చూపి నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేరని తేల్చింది. బయటి షెడ్డులో పని చేయిస్తే వారంటీ మొత్తం పోతుందన్న బెదిరింపు కూడా నిలవదు. 2014లో 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో కాంపిటీషన్ కమిషన్ అలాంటి గంపగుత్త షరతు పెట్టకూడదని చెప్పింది. బయటి పని వల్లే చెడిందని తేలిన భాగానికి మాత్రం వారంటీ అడగలేరు.

చేసిన పనికి కూలి ఇచ్చే దాకా బండిని ఆపే హక్కు షెడ్డుకు చట్టం ఇచ్చింది. కాబట్టి బిల్లుపై తగాదా వస్తే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాసి, కట్టి, కారు బయటికి తెచ్చుకోండి. అదే రోజు ఫొటోలతో లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపండి. దెబ్బను ఇంకొకరి చేత బాగు చేయించే ముందు మరో మెకానిక్ చేత అది ఏమిటో, ఎందువల్ల వచ్చిందో కాగితం మీద రాయించుకోండి. బాగు చేశాక సాక్ష్యం మిగలదు. వాళ్లు దిగిరాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లూ బిల్లు, జాబ్ కార్డు, వీడియో ఫోనులోనే కాకుండా ఇంకో చోట కూడా దాచి ఉంచండి.