తుపాను నెలలు రాకముందే: చిన్న కంపెనీ దగ్గర కారు ఇన్సూరెన్స్ కొనేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన నెలలో మా చిన్నాన్న కొడుకు కారు చిలకపాలెం దగ్గర హైవే మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దింది. రాత్రి, పైగా జోరు వాన. మనిషికి ఏమీ కాలేదు, అదే పదివేలు. బండి ముందు భాగం మాత్రం నుజ్జయింది. గ్యారేజీ వాళ్లు వేసిన అంచనా 2 లక్షల 40 వేలు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఇంట్లో అందరూ ధైర్యంగానే ఉన్నారు. మూడు వారాలకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పాలసీ తీసుకున్నప్పుడు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) గురించి తప్పు చెప్పారు కాబట్టి బండి రిపేరుకు ఒక్క రూపాయి ఇవ్వం అని.

వాడు తప్పు చెప్పలేదు. అసలు ఏమీ చెప్పలేదు. ఫారం నింపింది 'మనోడు', అంటే పాలసీ అమ్మిన తెలిసిన ఏజెంటు. అంతకు ముందు సంవత్సరమే తలుపు, అద్దం క్లెయిమ్ చేసుకున్నాడు కాబట్టి బోనస్ సున్నా ఉండాలి. మనోడు 50 శాతం అని రాశాడు. అలా ప్రీమియంలో తగ్గింది 3,100 రూపాయలు.

నేను విజయనగరంలో ఒక గ్యారేజీలో ఇన్సూరెన్స్ కాగితాలు చూస్తాను. పదకొండేళ్లుగా ఇదే పని. ఆర్‌సీ, లైసెన్సు దగ్గర ఉంచుకోండి, తాగి నడపకండి లాంటివి మీకు తెలిసినవే, రాయను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జనాన్ని ముంచుతున్న తప్పు ఒకటుంది. కంపెనీని చూడకుండా మనిషిని చూసి కొనడం. 'మనోడే, మన ఊరోడే, మంచోడే' అని డబ్బులు ఇచ్చేయడం. ఆ మనిషి నిజంగా మంచివాడే కావచ్చు. కానీ క్లెయిమ్ కట్టేది మనోడు కాదు. కాగితం మీద పేరున్న కంపెనీ.

చిన్న కంపెనీలన్నీ చెడ్డవని నేను అనను. మన వైపు పెద్దగా పేరు లేని కంపెనీ ఒకటి నా చేతి మీదుగా వెళ్లిన బిల్లులు వారంలో కట్టిన సందర్భాలున్నాయి. పెద్ద పేరున్నవాళ్లు రెండు నెలలు తిప్పిన సందర్భాలూ ఉన్నాయి. పేరు పెద్దదా చిన్నదా అన్నది పక్కన పెట్టి, కింద చెప్పినవి చూడండి.

ధర ఎందుకు తగ్గింది?

థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం కోసం కట్టేది, ఏ కంపెనీలోనైనా ఒక్కటే. దాన్ని కేంద్ర ప్రభుత్వం ఖరారు చేస్తుంది. 2022 జూన్‌లో ఖరారు చేసినప్పుడు 1000 సీసీ దాటి 1500 సీసీ లోపున్న సొంత కారుకు 3,416 రూపాయలు. కాబట్టి ఒకరు 14 వేలు, ఇంకొకరు 9,500 చెప్తున్నారంటే, తేడా మొత్తం మన బండి డ్యామేజీకి సంబంధించిన భాగంలోనే ఉంది. అక్కడ ధర తగ్గడానికి దారులు కొన్నే. కంపెనీ నిజంగా డిస్కౌంటు ఇచ్చి ఉండాలి. లేదా ఐడీవీ (కాగితం మీద బండికి కట్టే విలువ) తగ్గించి ఉండాలి, బోనస్ ఎక్కువ రాసి ఉండాలి, జీరో డెప్ (పార్టుల పాతదనానికి కోత పెట్టకుండా ఇచ్చే కవరు) తీసేసి ఉండాలి, 'మొదటి ఇన్ని వేలు నేనే పెట్టుకుంటాను' అని మీ పేరు మీద రాసి ఉండాలి.

మొదటిదైతే సంతోషం. మిగతావన్నీ మీ జేబులోంచి తీసి మీకే చూపించినట్టు.

ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే మీ చేతికొచ్చే మొత్తం. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కేస్తారు. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరు 11న ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా కూలాయో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి చెట్టు ఒకటి బండి పైకప్పు మీద పడితే, ప్రీమియంలో మిగిలిన రెండు వేల కోసం ఐడీవీ లక్ష తగ్గించుకున్న మనిషి ఆ లక్షా అక్కడే పోగొట్టుకుంటాడు.

కంపెనీ నిలబడేదేనా?

ఇన్సూరెన్స్ కంపెనీలకు అనుమతి ఇచ్చేది హైదరాబాద్‌లో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ. దాని వెబ్‌సైటులో జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల జాబితా ఉంటుంది. పాలసీ మీదున్న పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అందులో ఉన్నాయో లేదో అక్షరం అక్షరం పోల్చి చూడండి. అసలు పేరుకి ఒక మాట అటూ ఇటూ చేసి నకిలీ పాలసీలు అమ్మేవాళ్లున్నారు.

తర్వాత కంపెనీ సొంత వెబ్‌సైటులో 'పబ్లిక్ డిస్‌క్లోజర్స్' అనే పేజీ తెరవండి. మూడు నెలలకోసారి లెక్కలు పెడతారు. అందులో సాల్వెన్సీ రేషియో చూడండి. కట్టాల్సిన వాటికి సరిపడా ఆస్తులుండి, ఇంకా ఎంత మిగులు ఉందో అది చెప్తుంది. ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం 1.5కి తగ్గకూడదు. ఒక్క అంకె కాదు, వరసగా నాలుగు త్రైమాసికాలు చూడండి. 2.1 నుంచి 1.9, 1.7, 1.55 అని దిగుతుంటే నేనైతే కొనను. ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని మిగిలాయి అన్న పట్టిక కూడా అక్కడే ఉంటుంది.

మన దగ్గర ఎవరున్నారు?

అసలు సంగతి ఇదే. చిన్న కంపెనీకి డబ్బు ఉండొచ్చు, నిజాయితీ ఉండొచ్చు, కానీ శ్రీకాకుళంలో మనిషి లేకపోతే తుపాను రోజున ఏం చేస్తుంది? హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో ఒకే వారం వందల బళ్లు గ్యారేజీలకు వస్తాయి. 50 వేలు దాటిన నష్టానికి నష్టం అంచనా వేసే లైసెన్సున్న సర్వేయరు చూడాలి. ఆ సర్వేయరు విశాఖలో ఒక్కడే ఉంటే, టెక్కలిలో ఉన్న మీ బండి వంతు ఎప్పటికొస్తుంది? అందాకా పార్ట్‌లు విప్పడానికి లేదు, గ్యారేజీలో చోటు లేదు, ఇంట్లో టెన్షన్.

అందుకని కొనే ముందే రెండు ఫోన్లు చేయండి.

మొదటిది కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకి. పగలు కాదు, ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక. ఎవరైనా ఎత్తుతున్నారా, తెలుగులో మాట్లాడుతున్నారా చూడండి. శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ క్యాష్‌లెస్ గ్యారేజీ (బిల్లు కంపెనీయే నేరుగా కట్టే గ్యారేజీ) పేరు చెప్పమనండి. 'చాలా ఉన్నాయి సార్' అంటే ఒప్పుకోకండి. పేరు కావాలి.

రెండోది ఆ గ్యారేజీకి. చాలామంది ఈ ఫోన్ చేయరు. 'ఈ కంపెనీకి మీ దగ్గర క్యాష్‌లెస్ ఇంకా నడుస్తోందా? పోయిన బిల్లు ఎన్నాళ్లకు వచ్చింది?' అని అడగండి. గ్యారేజీలో కాగితాలు చూసే మనిషికి ఏ కంపెనీ ఎలా కడుతుందో నోటికి వచ్చు. బిల్లులు ఆపితే మేమే క్యాష్‌లెస్ ఆపేస్తాం. అయినా జాబితాలో మా పేరు నెలల తరబడి అలాగే ఉంటుంది. మీరు జాబితా చూసి బండి తెస్తారు, మేం డబ్బు కట్టమంటాం, మీరు మా మీద అరుస్తారు.

జిల్లాలో గ్యారేజీయే లేదంటే బండిని విశాఖ లాక్కెళ్లాలి. శ్రీకాకుళం నుంచి సుమారు 110 కిలోమీటర్లు. మామూలు పాలసీలో బండి లాగించడానికి ఇచ్చేది 1,500 రూపాయలు. ఆ డబ్బుకి ఎవరూ రారు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ విడిగా ఉంటే ఎన్ని కిలోమీటర్ల వరకో అడగండి.

ఇవేవీ మనోడిని అడగకండి. మనోడు 'అంతా నేను చూసుకుంటా' అంటాడు. చూసుకోవాలనే ఉంటుంది, కానీ అతని చేతిలో ఏమీ లేదు. వచ్చే ఏటికి అతను వేరే కంపెనీకి మారిపోతాడు. మీ పాలసీ మాత్రం పాత కంపెనీ దగ్గరే ఉంటుంది. క్లెయిమ్ కట్టేది మనోడు కాదు.

ఇక మిగతావి వరసగా రాస్తున్నాను.

డబ్బు కంపెనీ లింకుకే కట్టండి. మనోడి ఫోన్‌పేకి కొట్టకండి. ప్రీమియం కంపెనీకి చేరందే పాలసీ మొదలు కాదు. మనోడి ఖాతాలో రెండు రోజులు ఆగి, ఆ రెండు రోజుల్లో యాక్సిడెంటు అయితే మీకు ఏమీ లేదు.

చెక్కు ఇస్తే ఖాతాలో డబ్బు ఉంచండి. చెక్కు తిరిగొస్తే పాలసీ పోయినట్టే.

ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. ఓటీపీ చెప్పకండి. ఫారంలో మీ ఫోన్ నంబరు, మీ మెయిల్ రాయించండి. మనోడి నంబరు రాస్తే కంపెనీ పంపే ప్రతి మెసేజీ అతనికే వెళ్తుంది.

పాలసీ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. వారం తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ తేదీ చూడండి. అక్కడ లేకపోతే కంపెనీకి ఫోన్ చేయండి.

బోనస్ నిజం చెప్పండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి 20, 25, 35, 45, 50 శాతం. మధ్యలో ఒక్క క్లెయిమ్ చేసినా సున్నా. కొత్త కంపెనీ పాత కంపెనీని అడుగుతుంది. మీరు కట్టేటప్పుడు అడక్కపోవచ్చు, క్లెయిమ్ వచ్చిన రోజు మాత్రం తప్పకుండా అడుగుతుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లకు పాత ఓనరు బోనస్ రాదు. బండి పేరు మారిన 14 రోజుల్లో పాలసీ కూడా మీ పేరు మీదకు మార్పించండి.

గడువు దాటనివ్వకండి. 90 రోజులు దాటితే ఉన్న బోనస్ కూడా పోతుంది. గడువు దాటాక కొనాలంటే బండి చూపించాలి. తుపాను హెచ్చరిక వచ్చాక ఆ పని పెట్టుకోకండి.

థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే గాలికీ వరదకీ ఏమీ రాదు.

ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే పనికొచ్చే కవరు) తీసుకోండి. నాగావళి, వంశధార పక్కన ఉండేవాళ్లు మరీ ముఖ్యంగా. అది ఉన్నా సరే, నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయకండి. తోయించండి.

జీరో డెప్ లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు సగమే వస్తుంది. అది ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌లకు వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగండి.

సొంత బండి పాలసీతో కిరాయికి తిప్పకండి. శుభలేఖలు పంచడానికి, పెళ్లిళ్లకు తెలిసినవాళ్లకు ఇచ్చి డబ్బు తీసుకున్నా కిరాయే.

క్లెయిమ్ కాదంటే మనోడి చుట్టూ తిరగకండి. ఆ తిరుగుడులోనే గడువులు దాటిపోతాయి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 155255కి ఫోన్ చేసి ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో నమోదు చేయించండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ (ఇన్సూరెన్స్ తగాదాలు విని తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మావాడు ఇప్పుడు ఆ కాగితాలే సిద్ధం చేసుకుంటున్నాడు.

పాలసీ ఇప్పటికే తీసుకున్నారా? ఈ రాత్రే ఫోన్‌లో పీడీఎఫ్ తెరవండి. బోనస్ శాతం, ఐడీవీ, ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, మీ ఫోన్ నంబరు, ఈ ఐదూ సరిగ్గా ఉన్నాయో చూడండి. ఇంజిన్, చాసిస్ నంబర్లు ఆర్‌సీతో పోల్చండి. ఏది తప్పున్నా రేపు పొద్దున్నే సరిచేయమని మెయిల్ రాయండి. మనోడికి కాదు, కంపెనీకి.