కోరంగి మడ కర్ర మీది శిలీంధ్రం: స్పోరు తోకలు ఇలా కనిపించాయి

కోరంగి మడ అడవుల నానిన కర్రల మీద శిలీంధ్రపు కాయల్లాంటి నల్లటి ఆస్కోకార్ప్‌లు, లోపల రంగులేని రెండు గదుల స్పోర్లు (శిలీంధ్రపు విత్తనాల్లాంటి కణాలు). ఈ శిలీంధ్రం ఏ ప్రజాతిదో (genus) తేల్చాలంటే, స్పోరు కొసల్లో తోకలుంటే హాలోసార్ఫియా వైపు, లేకుంటే లిగ్నింకోలా వైపు వెళ్లాలి. నా స్లైడులో తోకలే కనబడవు. లాక్టోఫీనాల్ ద్రవం, కాటన్ బ్లూ రంగు, ఆయిల్ ఇమ్మర్షన్ (నూనె చుక్కతో వాడే పెద్ద లెన్సు) ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. బ్లేడుతో ఆస్కోకార్ప్ పైభాగం కోసి, లోపలి మెత్తటి ముద్దను సూదితో తీసి, వడగట్టిన ఉప్పునీటి చుక్కలో పెట్టాను. కవర్‌స్లిప్‌ని నొక్కలేదు. మైక్రోస్కోపులో వెలుగును తగ్గించే కండెన్సర్ డయాఫ్రం బాగా మూశాను (వెలుగెక్కువైతే తోకలు మాయం). స్పోరు కొసన ఏదో ముద్ద అంటుకుని ఉంది. అప్పుడు ఒక అంచున డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి, రెండో అంచున ఫిల్టర్ పేపర్‌తో లాగాను. కాసేపటికి ఆ ముద్ద దారపుండ విడినట్టు సాగింది; అదే తోక. వెంటనే ఫొటో తీయండి, రంగు తర్వాత వేయొచ్చు.

ముదిరిన స్పోర్లతోనే చేశాను. ఎండిన నమూనాలకు హామీ ఇవ్వలేను. పైగా తోక విడినంత మాత్రాన ప్రజాతి తేలదు. అనిప్టోడెరా అనే మరో ప్రజాతిలో కొన్నిటికీ ఇవే తోకలు, కాబట్టి ఆస్కస్ (స్పోర్లుండే సంచి) గోడ మందం కూడా చూడాలి. 2003లో డీఎన్‌ఏ పోలికలతో సాగరోమైసిస్ అనే ప్రజాతి‌ని హాలోసార్ఫియా నుంచి వేరుచేశారు కూడా. అందుకే నా షీటు మీద 'హాలోసార్ఫియా, విశాలార్థంలో' (అంటే విడదీయక ముందున్న పాత, పెద్ద అర్థంలో) అని రాసి వదిలేశాను.