చలికాలం సముద్రంలో కయాక్ మీద చేపల వేట: ఏది తేడా కొడితే ఏం చేయాలి

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా నెల్లూరు జిల్లా మైపాడు, కోడూరు, ఇటు ప్రకాశం జిల్లా పాకల, కొత్తపట్నం తీరాల్లో చాలా తెల్లవారుజాముల్లో సముద్రం చెరువులా కనిపిస్తుంది. ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి, తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలైన కయాక్‌లు దింపడానికి ఇంతకంటే మంచి రోజులు దొరకవు. మా బ్యాచ్ కూడా అలాగే మొదలుపెట్టింది. మాకు వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఒడ్డున చూసుకోకుండా వదిలేసిన వాటివల్లే వచ్చాయి. అవి మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే ఆ వారం కయాక్ ఇంట్లోనే ఉండాలి. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న (2023), అంటే మనకు వేట మీద మనసు పోవడం మొదలయ్యే రోజుల్లోనే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ రోజూ అలల ఎత్తు, గాలి వేగం చెబుతుంది. అల మీటరు దాటినా, గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటినా మేం దిగం.

పోయేటప్పుడు ఇట్టే పోయాం, తిరిగి రాలేకపోతున్నాం

అన్నిటికంటే ప్రమాదం ఇదే.

కారణం నేల మీది గాలి. రాత్రి నేల చల్లబడుతుంది, సముద్రం వెచ్చగానే ఉంటుంది. దాంతో తెల్లవారుజామున గాలి నేల వైపు నుంచి నీళ్ల మీదికి వీస్తుంది. ఒడ్డున సరుగుడు తోటలు అడ్డం ఉంటాయి కాబట్టి అక్కడ ఆ గాలి తెలియదు, నీళ్ల మీద ముడత కూడా కనబడదు. కిలోమీటరు లోపలికి పోయేసరికి అదే గాలి వీపు మీద చెయ్యి పెట్టి తోస్తూ ఉంటుంది. తెడ్డు ఊరికే అలా ఆనిస్తే చాలు, కయాక్ పరుగెడుతుంది. అదంతా మన చేతుల బలమే అనుకుంటాం.

మొదటి ఏడాది మైపాడులో మేం మోసపోయింది ఇక్కడే. ఇరవై నిమిషాల్లో పోయిన దూరం వెనక్కి రావడానికి గంటన్నర పట్టింది. మాలో ఒకడికి మధ్యలో భుజం పట్టేసింది. ఒడ్డు కనబడుతూనే ఉంది, దగ్గర మాత్రం అవడం లేదు. ఎట్టకేలకు చేరాక, వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన మమ్మల్ని చూసి, "ఎనక్కొచ్చే గాలి చూసుకోకుండా పోబాక నాయనా" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట తప్పలేదు.

దిగే ముందు తోట చాటున కాకుండా తడి ఇసుక దాకా వచ్చి, గుప్పెడు పొడి ఇసుక వదిలి గాలి ఎటుందో చూడండి. గాలి సముద్రం వైపు వీస్తుంటే అర కిలోమీటరు దాటొద్దు. పోతూ పోతూ ప్రతి పది నిమిషాలకు వెనక్కి తిరిగి రెండు నిమిషాలు ఒడ్డు వైపు తెడ్డు వేయండి. ఆ రెండు నిమిషాలకే ఆయాసం వస్తే వేట అక్కడే ఆపేయాలి.

ఇప్పటికే చిక్కుకుంటే రాడ్లు పడుకోబెట్టండి. ఒళ్లు ముందుకు వంచి, తెడ్డు కిందుగా పట్టి పొట్టి పొట్టిగా వేయండి. గాలికి నేరుగా ఎదురు పోలేకపోతే ఏటవాలుగా పోండి. రెండు కిలోమీటర్ల అవతల తేలినా ఫర్వాలేదు, ఆటో మాట్లాడుకుని వెనక్కి రావచ్చు. అలసిపోతే ఊరికే కూర్చోకుండా లంగరు వేయండి, లేకపోతే విశ్రాంతి తీసుకున్నంతసేపూ లోపలికి పోతూనే ఉంటారు. లంగరు తాడు నీటి లోతుకు కనీసం మూడు రెట్లు ఉండాలి. దాన్ని కయాక్ ముక్కుకే కట్టాలి, పక్కకు కడితే బోర్లా పడుతుంది. ఒకరికి చేతకావడం లేదని తెలిసిన వెంటనే, మొహమాటం లేకుండా కోస్ట్ గార్డ్ 1554కు ఫోన్ చేయండి. ఫోన్ నీళ్లు దూరని సంచిలో, ఆ సంచి మీ లైఫ్ జాకెట్‌కే కట్టి ఉండాలి. కయాక్‌కు కడితే అది మిమ్మల్ని వదిలి పోయినప్పుడు ఫోన్ కూడా దాంతోనే పోతుంది.

చేపల ధ్యాసలో ఉండి తలెత్తి చూస్తే ఎదురుగా ఉండాల్సిన ఊరు లేదు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంబడి నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. మైపాడులో దిగి ఊరికే కూర్చుంటే కోడూరు వైపు జారతాం. సంక్రాంతి దాటాక ఇది మెల్లగా తిరగబడి, ఫిబ్రవరిలో ఉత్తరం పడుతుంది. ఒడ్డు పక్కన మాత్రం ఆ రోజు గాలిని బట్టి మారుతుంది, అందుకే నెలను నమ్ముకోకుండా నీళ్లలో కొబ్బరి పీచు వేసి చూడండి. వేట మొదలుపెట్టేటప్పుడు నీటికి ఎదురుగా పోండి, అలసిపోయాక నీరే మిమ్మల్ని తెచ్చి దింపుతుంది.

పెన్నా మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) లాంటి చోట్ల పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, దిగకండి. బయటికి పోయే ఏటి నీరు, లోపలికి వచ్చే అల గుద్దుకుని నిలువు కెరటాలు లేస్తాయి.

ఒడ్డుకు వచ్చేటప్పుడే బోల్తా పడుతున్నాం

వెనక నుంచి వచ్చిన అల కయాక్ తోకను పైకెత్తితే ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది, కయాక్ అడ్డం తిరుగుతుంది, తర్వాతి అల బోర్లా వేస్తుంది. తొందరే దీనికి మూలం.

అలలు విరిగే చోటుకు బయటే ఆగండి. పెద్దవి మూడు నాలుగు వరసగా వచ్చి, తర్వాత కాసేపు తెరిపి ఇస్తాయి. చివరి పెద్ద అల మీ కింద నుంచి దాటిపోగానే దాని వెనకే బలంగా తెడ్డు వేయండి, దానికంటే ముందుకు మాత్రం పోవద్దు. అడ్డం తిరిగితే ఒడ్డు వైపు కాకుండా అల వైపే ఒరగాలి. దిగేటప్పుడు సముద్రం వైపుకే దిగండి. కయాక్‌కూ ఒడ్డుకూ మధ్య నిలబడితే అల దాన్ని తెచ్చి మీ మోకాళ్ల మీద కొడుతుంది. ఒకరు దిగి పక్కకు తప్పుకున్నాకే రెండోవారు రావాలి.

పడ్డాక మళ్లీ ఎక్కలేకపోతున్నాం

ఇది కండబలం లేక కాదు, పద్ధతి తెలియక. నీళ్లలో నిలువుగా ఉండి పైకి లాగుకుంటే కయాక్ మీ మీదికే తిరగబడుతుంది. ముందు దాన్ని తిన్నగా తిప్పి, నడుమ భాగం పట్టుకుని, కాళ్లు వెనక్కి చాపి నీళ్ల మీదికి వచ్చేలా తన్నండి. ఒళ్లు తేలాక ఛాతీని కయాక్ పైకి జార్చి, వెల్లకిలా తిరిగి కూర్చుని, అప్పుడు కాళ్లు లోపలికి తీసుకోండి. స్నేహితుడు అవతలి అంచు పట్టుకుంటే సగం పని అయిపోతుంది. నడుములోతు నీళ్లలో పదిసార్లు చేసి చూడనివాళ్లను మేం లోపలికి తీసుకుపోం. ఆ విషయంలో స్నేహం అడ్డు రానివ్వం.

కయాక్ బరువెక్కి, మాట వినడం లేదు

లోపలికి నీళ్లు చేరాయి. వెనక బిరడా, మూతల రబ్బరు, నీళ్లు పోయే రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్లు, ఈ మూడే చూడండి. బయట సబ్బునీళ్లు పూసి లోపలికి గాలి ఊదితే బుడగలు వచ్చేచోటే లోపం. చాలా కయాక్‌లు పాలిథిలిన్‌వి, దాని మీద మామూలు జిగురు నిలవదు. ప్లాస్టిక్ వెల్డింగే చేయించాలి.

నీళ్లు వెచ్చగానే ఉన్నా వణుకు ఆగడం లేదు

తడిసిన నూలు చొక్కా మీద గాలి తగలడమే కారణం. త్వరగా ఆరే బట్ట, పైన విండ్‌చీటర్, ఫ్లాస్కులో వేడి టీ ఉంటే చాలు. వణుకుతూ మాట తడబడుతున్నవాళ్లను వెంటనే ఒడ్డుకు తేవాలి.

గాలం వలకు తగులుకుంది

మీ దారం కోసుకోండి, వల కోయకండి. ఒక్క కోతతో వాళ్ల రోజు కూలి పోతుంది. మేం ఒకసారి కొత్త గాలం వదులుకుని వచ్చాం. ఆ పడవాయనే తర్వాత కానాగంతలు ఎటు తిరుగుతున్నాయో చెయ్యి చాపి చూపించాడు.

చేప అసలు ముట్టడం లేదు

వానలకు ఏటి నీరు దిగి సముద్రం బురదగా ఉంటే ఆ మధ్యలో కూర్చుని లాభం లేదు. బురదనీరు, పచ్చనీరు కలిసే గీత వెతికి, పచ్చనీటి వైపు నుంచి ఎర వేయండి. చేప పట్టినట్టే పట్టి దారం తెగిపోతుంటే అది వంజరం పళ్ల పని కావచ్చు. గాలానికి ముందు జానెడు స్టీలు తీగ కట్టండి.

జెల్ల ముల్లు గుచ్చుకుంది

జెల్ల వీపు మీద, రెండు పక్క రెక్కల దగ్గర ముళ్లుంటాయి, వాటికి విషం ఉంటుంది. చేపను చేత్తో పట్టకుండా ప్లయర్‌తో గాలం తీయండి. గుచ్చుకుంటే ఒడ్డుకు రాగానే కడిగి, తట్టుకోగలిగినంత వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచండి, నొప్పి బాగా తగ్గుతుంది. నీటి వేడిని మాత్రం గాయం లేని చేత్తో చూడాలి, నొప్పి ఉన్న చేతికి కాలుతున్న సంగతి తెలియదు. ముల్లు లోపల విరిగినా, వాపు పైకి పాకుతున్నా ఆసుపత్రికి పోయి, టెటనస్ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి.