డిజైన్ ప్రోటోటైప్‌ను క్లౌడ్ స్టోరేజ్‌లో ఉంచి, ఒక్క లింకుతో పంచుకునే పద్ధతి

నగర బస్సుల్లో నెలవారీ పాస్ తీసుకునేవారి కోసం ఒక యాప్ ప్రోటోటైప్‌ను, అంటే అసలు యాప్‌కు ముందు పరీక్ష కోసం చేసే నమూనాను, తయారుచేశామనుకుందాం. మాదాపూర్‌లోని ఆఫీసు కంప్యూటర్‌లో అది చక్కగా పనిచేస్తుంది. అయితే దానిని అసలు పరీక్షించవలసినవారు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో బస్సు కోసం నిలబడిన ప్రయాణికులు. అదీ తమ సొంత ఫోన్‌లో, అక్కడ అందే నెట్‌వర్క్ మీద. వారి చేతికి అది చేరాలంటే లాగిన్ అడగకుండా, యాప్ వేసుకోమనకుండా, నొక్కగానే తెరుచుకునే లింకు ఒకటి కావాలి. ఆ లింకు వెనుక ఏ వెర్షన్ ఉందో మనకు ఖచ్చితంగా తెలిసి ఉండాలి కూడా. ఈ రెండింటికీ క్లౌడ్ స్టోరేజ్ సరిపోతుంది. సర్వర్ అద్దెకు తీసుకోనక్కరలేదు.

ఈ శ్రమ అందరికీ అవసరం లేదు. ప్రోటోటైప్ మొత్తం ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లోనే ఉండి, ఒక స్క్రీన్ నుంచి మరో స్క్రీన్‌కు వెళ్లడం మాత్రమే చూపించాలంటే ఫిగ్మా ఇచ్చే షేర్ లింకే చాలు. ఆక్షర్ అనే ప్రోటోటైప్ టూల్ నుంచి హెచ్‌టీఎంఎల్‌గా (వెబ్ పేజీలుగా) ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు, లేదా ఫోన్ కీబోర్డుతో నిజంగా తెలుగులో టైప్ చేయించాలని, మైకులో మాట్లాడించాలని, దగ్గరి బస్టాపును లొకేషన్ ద్వారా చూపించాలని ప్రోటోటైప్‌ను కోడ్‌లో రాసుకున్నప్పుడు ఇక్కడ చెప్పే పద్ధతి పనికివస్తుంది.

గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్ పెట్టి లింకు పంపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఒకప్పుడు సరిపోయేది. డ్రైవ్‌లో వెబ్ పేజీలను హోస్ట్ చేసే సదుపాయం 2016 ఆగస్టు 31తో ఆగిపోయింది. డ్రాప్‌బాక్స్ కూడా హెచ్‌టీఎంఎల్ పేజీలను బ్రౌజర్‌లో నేరుగా చూపించడాన్ని ఉచిత ఖాతాలకు 2016 అక్టోబరులో, డబ్బు కట్టే ఖాతాలకు 2017 సెప్టెంబరులో నిలిపివేసింది. ఇప్పుడు అలాంటి లింకు నొక్కితే ప్రోటోటైప్‌కు బదులు ఫైళ్ల పేర్లో, డౌన్‌లోడ్ బటనో కనిపిస్తుంది. వాట్సాప్‌లో జిప్ ఫైల్ పంపడం ఇంతకన్నా కష్టం, ఎందుకంటే దానిని ఫోన్‌లో విప్పి, సరైన ఫైల్ వెతికి తెరిచే ఓపిక పరీక్షకు ఒప్పుకున్న ప్రయాణికుడికి ఉండదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు.

మనకు కావలసినది ఆబ్జెక్ట్ స్టోరేజ్ అనే రకం. అమెజాన్ ఎస్3, గూగుల్ క్లౌడ్ స్టోరేజ్, అజూర్ బ్లాబ్ స్టోరేజ్ ఈ కోవలోవి. వీటిలో ప్రతి ఫైల్‌కూ సొంత వెబ్ చిరునామా ఉంటుంది. ఆ ఫైల్ పేజీయా, బొమ్మా, ఫాంటా అన్న సమాచారాన్ని స్టోరేజే బ్రౌజర్‌కు చెబుతుంది. 2006లో మొదలైన ఎస్3 ఎక్కువ మందికి పరిచయం కాబట్టి వివరాలను దానితోనే చెబుతాను.

అప్‌లోడ్‌కు ముందు

సమస్యల్లో ఎక్కువ భాగం క్లౌడ్‌లో పుట్టవు, మన ఫోల్డర్‌లోనే పుడతాయి. అందుకే ఈ దశకు తగినంత సమయం ఇవ్వాలని గట్టిగా చెబుతాను. ఫోల్డర్ మొదటి వరుసలో ఇండెక్స్ అనే పేరుతో హెచ్‌టీఎంఎల్ ఫైల్ ఉండాలి. బొమ్మలకు, స్టైల్ షీట్లకు ఇచ్చిన దారులు / గుర్తుతో (ఫార్వర్డ్ స్లాష్‌తో) మొదలైతే అవి వెబ్‌సైట్ మూలం నుంచి వెతుకుతాయి. ప్రోటోటైప్‌ను ఏదైనా లోపలి ఫోల్డర్‌లో పెట్టిన మరుక్షణం బొమ్మలన్నీ మాయమవుతాయి. కాబట్టి దారులన్నీ ప్రస్తుత ఫైల్‌కు సాపేక్షంగా ఉండాలి.

పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా మరో ఉచ్చు. విండోస్‌లోనూ, మామూలుగా మ్యాక్‌లోనూ ఆ రెండింటినీ ఒకటిగానే చూస్తారు. ఎస్3లో అవి రెండు వేర్వేరు పేర్లు. మన కంప్యూటర్‌లో కనిపించిన లోగో క్లౌడ్‌లో కనిపించకపోతే మొదట అనుమానించవలసినది దీన్నే. ఫైల్ పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, అడ్డగీతలతోనే ఉంచడం మేలు. తెలుగులో పేరు పెడితే లింకులో ఒక్కో అక్షరం శాతం గుర్తుల వరుసగా మారి, వాట్సాప్‌లో పంపినప్పుడు చూసేవారికి అది అనుమానాస్పదంగా కనిపిస్తుంది.

పేజీ లోపలి తెలుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉండాలి. ప్రతి హెచ్‌టీఎంఎల్ ఫైల్ పైభాగంలో యూటీఎఫ్-8 అని (అక్షరాలను నిల్వచేసే ఎన్‌కోడింగ్ పేరు ఇది) ప్రకటించి తీరాలి, లేకపోతే కొన్ని బ్రౌజర్లలో అక్షరాల స్థానంలో అర్థంలేని గుర్తులు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును ప్రోటోటైప్‌తోపాటే ఫోల్డర్‌లో చేర్చాలి; ఫోన్ తయారీదారు ఇచ్చిన ఫాంటు మీద ఆధారపడితే ఒక్కో ఫోన్‌లో ఒక్కో తీరుగా ఉంటుంది. ఇంగ్లిష్‌కు సరిపెట్టిన లైన్ హైట్‌లో తెలుగు గుడులు పైన, ఒత్తులు కింద తెగిపోతాయన్నది ఈ దశలోనే కనిపెట్టవలసిన విషయం. పాతబస్తీలో కూడా పరీక్షించే ఉద్దేశం ఉంటే ఉర్దూ రూపాన్ని, కుడి నుంచి ఎడమకు సాగే అమరికతో, వేరే ఫోల్డర్‌గా తయారుచేసుకోవాలి.

ఇండెక్స్ ఫైల్‌ను రెండుసార్లు నొక్కి తెరిచి చూడటం పరీక్ష కాదు. అలా తెరిచిన పేజీలో జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లు, వేరే ఫైల్ నుంచి డేటా తెచ్చుకునే ఆదేశాలు బ్రౌజర్ భద్రతా నియమాల వల్ల ఆగిపోతాయి. పైథాన్‌తో వచ్చే చిన్న వెబ్ సర్వర్‌ను ఆ ఫోల్డర్‌లో నడిపి, దాని ద్వారా తెరిచి చూడాలి.

బకెట్, దాని ముందు క్లౌడ్‌ఫ్రంట్

ఎస్3లో ఫైళ్లను ఉంచే చోటును బకెట్ అంటారు. పేరు 3 నుంచి 63 అక్షరాల లోపు ఉండాలి. ఆ పేరుతో మరెవరి బకెట్ కూడా ఉండకూడదు. క్లయింటు పేరును బకెట్ పేరులో పెట్టకపోవడం మంచి అలవాటు. రీజియన్ (ఫైళ్లు నిల్వ ఉండే డేటా సెంటర్ల ప్రాంతం) విషయానికి వస్తే, 2022 నవంబరు నుంచి అమెజాన్‌కు హైదరాబాద్‌లోనే ఒక రీజియన్ ఉంది. అయితే అది ఖాతాలో మొదటినుంచీ తెరిచి ఉండదు, సెట్టింగులలో మనమే ఎనేబుల్ చేసుకోవాలి. ఆ పని వద్దనుకుంటే ముంబై రీజియన్ సిద్ధంగా ఉంటుంది, ప్రోటోటైప్ వేగంలో తేడా తెలియదు.

బకెట్‌నే వెబ్‌సైట్‌గా మార్చే సదుపాయం ఎస్3లో 2011 నుంచీ ఉంది. చాలా పాఠాలు దానినే నేర్పుతాయి, కానీ ప్రోటోటైప్‌లకు దానిని నేను సిఫారసు చేయను. ఆ చిరునామా హెచ్‌టీటీపీఎస్‌ను, అంటే భద్రమైన కనెక్షన్‌ను, ఇవ్వదు. హెచ్‌టీటీపీఎస్ లేని పేజీకి బ్రౌజర్లు లొకేషన్, మైకు, కెమెరా ఇవ్వవు. అంటే దగ్గరి బస్టాపు చూపే స్క్రీన్ సరిగ్గా పరీక్ష సమయంలోనే మూగబోతుంది. పైగా బకెట్‌ను లోకమంతటికీ తెరవాలి. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లన్నీ బయటివారికి మూసి ఉండేలాగే తయారవుతున్నాయి; ఆ తాళాన్ని అలాగే ఉంచడమే సరైనది.

బకెట్‌ను మూసే ఉంచి, దాని ముందు క్లౌడ్‌ఫ్రంట్‌ను నిలబెట్టాలి. ఇది బకెట్‌లోని ఫైళ్లను తీసుకుని చూసేవారికి అందించే అమెజాన్ సేవ. క్లౌడ్‌ఫ్రంట్‌లో కొత్త డిస్ట్రిబ్యూషన్ తయారుచేసి, మూలంగా మన బకెట్‌ను ఎంచుకుని, ఆరిజిన్ యాక్సెస్ కంట్రోల్‌ను ఆన్ చేస్తే, ఫైళ్లను చదివే అనుమతిని క్లౌడ్‌ఫ్రంట్‌కు మాత్రమే ఇచ్చే పాలసీ వస్తుంది. దానిని బకెట్‌కు జతచేయాలి. డిఫాల్ట్ రూట్ ఆబ్జెక్ట్ (ఫైల్ పేరు లేకుండా చిరునామా మాత్రమే తెరిచినప్పుడు చూపే ఫైల్) అన్న గడిలో ఇండెక్స్ ఫైల్ పేరు రాయాలి. హెచ్‌టీటీపీఎస్ చిరునామా దానంతట అదే వస్తుంది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, డిఫాల్ట్ రూట్ ఆబ్జెక్ట్ చిరునామా మూలానికే వర్తిస్తుంది, లోపలి ఫోల్డర్లకు కాదు. ఉదాహరణకు, మూడో వెర్షన్‌ను ఉంచిన ఫోల్డర్ వరకే లింకు ఇస్తే పేజీ తెరుచుకోదు; చివర ఇండెక్స్ ఫైల్ పేరు కూడా రాయాలి, లేదా ఆ పేరును చేర్చే చిన్న క్లౌడ్‌ఫ్రంట్ ఫంక్షన్ (క్లౌడ్‌ఫ్రంట్‌లోనే నడిచే కోడ్) రాసుకోవాలి. రెండవది, లేని ఫైల్‌ను అడిగినప్పుడు 404 (ఫైల్ లేదు) అన్న సంకేతానికి బదులు 403 (అనుమతి లేదు) వస్తుంది, ఎందుకంటే బకెట్‌లో ఏమున్నాయో జాబితా చూసే అనుమతి క్లౌడ్‌ఫ్రంట్‌కు లేదు. 403 చూడగానే పాలసీని తిరగరాయడం మొదలుపెట్టవద్దు. ముందు ఫైల్ పేరులో అక్షరాలు సరిచూడండి.

అప్‌లోడ్‌కు అమెజాన్ కమాండ్ లైన్‌లోని సింక్ ఆదేశం వాడితే మారిన ఫైళ్లే వెళతాయి, ఫైల్ రకాన్ని కూడా అదే గుర్తించి నమోదు చేస్తుంది. పేజీ తెరుచుకోవడానికి బదులు డౌన్‌లోడ్ అయినా, ఎస్‌వీజీ ఐకాన్లు కనిపించకపోయినా కంటెంట్ టైప్ (ఫైల్ రకం) తప్పుగా పడిందని అర్థం.

అజూర్‌లో స్టాటిక్ వెబ్‌సైట్ సదుపాయం హెచ్‌టీటీపీఎస్‌తోనే వస్తుంది కాబట్టి అంతా సులువు, కానీ ఆ చిరునామా ఎప్పుడూ బహిరంగమే. రహస్యం అవసరం లేని ప్రోటోటైప్‌కు అది చాలు.

వెర్షన్‌కు ఒక ఫోల్డర్

ఒకసారి ఎవరికైనా చూపించిన ఫోల్డర్‌ను మళ్లీ తాకకూడదు. చిన్న మార్పుకైనా కొత్త ఫోల్డరే తయారుచేయాలి. పొద్దున ఐదుగురికి ఒక బటన్, మధ్యాహ్నం మరో ఐదుగురికి వేరే బటన్ కనిపిస్తే ఆ రోజు పరీక్ష ఫలితాలను దేనితోనూ పోల్చలేం. ప్రతి స్క్రీన్ మూలన వెర్షన్ సంఖ్యను చిన్న అక్షరాల్లో చూపించాలి. క్లయింటు స్క్రీన్‌షాట్ పంపి ఇది బాగాలేదన్నప్పుడు ఏది బాగాలేదో అడగనక్కరలేకుండా తెలుస్తుంది.

ఈ పద్ధతి వల్ల క్యాష్ (దాచి ఉంచిన పాత కాపీ) బాధ కూడా చాలావరకు తప్పుతుంది. క్లౌడ్‌ఫ్రంట్ మామూలుగా ఒక ఫైల్‌ను 24 గంటలు దాచి ఉంచుతుంది. ఉన్న ఫోల్డర్‌లోనే ఫైల్ మార్చితే పాతదే కనిపిస్తూ ఉంటుంది. తప్పనిసరిగా మార్చవలసి వస్తే ఇన్‌వాలిడేషన్ (దాచిన కాపీని వదిలేయమనే ఆదేశం) పెట్టాలి. నెలకు మొదటి 1000 దారులకు ఖర్చు లేదు, నక్షత్రం గుర్తుతో మొత్తం ఫోల్డర్‌ను ఒకే దారిగా ఇవ్వవచ్చు.

క్లయింటుకు మాత్రం మారని లింకు ఒకటి కావాలి. అందుకు మూలంలో ఒక చిన్న పేజీ పెట్టి, అది తాజా ఫోల్డర్‌కు దారి మళ్లించేలా చేయాలి. ఆ పేజీకి నో-క్యాష్ అని పెట్టాలి. పరీక్షలో పాల్గొనేవారికి, నివేదికల్లో రాసుకునేందుకు వెర్షన్ లింకునే వాడాలి.

ఎవరు చూడవచ్చు

లింకు ఎవరికీ తెలియదు కదా అన్న ధీమా పనికిరాదు. వాట్సాప్‌లో పంపినది ఎంతదూరమైనా వెళుతుంది. జావాస్క్రిప్ట్‌తో పాస్‌వర్డ్ స్క్రీన్ పెట్టడం కూడా రక్షణ కాదు, ఆ స్క్రీన్ కనిపించేసరికి మిగతా కోడ్ అంతా అవతలి ఫోన్‌కు చేరిపోయి ఉంటుంది. రహస్యంగా ఉంచవలసిన ప్రోటోటైప్ అయితే, పేరు, పాస్‌వర్డ్ అడిగే తనిఖీని క్లౌడ్‌ఫ్రంట్ ఫంక్షన్‌లో రాస్తే ఫైల్ బయటకు రాకముందే ఆపవచ్చు. సెర్చ్ ఇంజన్లకు నోఇండెక్స్ (ఫలితాల్లో చూపవద్దు) అని ప్రతి పేజీలో చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రోటోటైప్‌లో నిజమైన మనుషుల వివరాలు ఉండకూడదు. నమూనా పాస్ మీద సహోద్యోగి ఫోటో, ఎవరిదో ఆధార్ సంఖ్య, పనిచేసే ఫోన్ నంబరు పెట్టడం డిజైనర్లలో మామూలైపోయింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, అడగకుండా ఒకరి ముఖాన్ని బస్ స్టేషన్‌లో అందరికీ చూపించే హక్కు మనకు లేదు.

బరువు, ఖర్చు, ముగింపు పని

8 ఎంబీ ప్రోటోటైప్‌ను 300 మంది తెరిస్తే వెళ్లే డేటా సుమారు 2.4 జీబీ, ఇందుకయ్యే ఖర్చు స్వల్పం. అయినా ఖాతాలో బడ్జెట్ అలర్ట్ పెట్టుకోవాలి, అది హెచ్చరిస్తుందే తప్ప ఖర్చును ఆపదని గుర్తుంచుకోవాలి. ఖర్చు కన్నా ఆ 8 ఎంబీ ప్రయాణికుడి డేటా అన్నది ముఖ్యం. బొమ్మలను వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లోకి మార్చి, వాడని ఫాంట్లు తీసేస్తే అది బాగా తగ్గుతుంది. బయలుదేరే ముందు వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద, వీలైతే తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడాలి.

పని పూర్తయ్యాక పాత వెర్షన్లు వాటంతట అవే పోయేలా బకెట్‌కు లైఫ్‌సైకిల్ రూల్ పెట్టవచ్చు. ఫలానా ఫోల్డర్‌లోవి 90 రోజుల తర్వాత తొలగించమని రాస్తే చాలు. తొలగించినా క్లౌడ్‌ఫ్రంట్ దగ్గర కాపీ కొంతసేపు మిగులుతుంది కాబట్టి వెంటనే కనుమరుగు కావాలంటే ఇన్‌వాలిడేషన్ కూడా పెట్టాలి. క్యూఆర్ కోడ్ అచ్చువేసి ఎక్కడైనా అంటించి ఉంటే, అది తీసుకెళ్లే చిరునామాలో పరీక్ష ముగిసిందని తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ భాషల్లో చెప్పే ఒక చిన్న పేజీని ఉంచి, ఆ తర్వాతే మిగతా ఫోల్డర్లను తీసేయాలి.