సీసా నలపకండి

జర్మనీలో మా అమ్మాయి ఇంటికి వెళ్లిన మొదటి వారం, తాగేసిన నీళ్ల సీసాలు పదింటినీ కాలితో తొక్కి సంచిలో వేశాను. వాడాక నలిపేయమని మన సీసాల మీదే రాసి ఉంటుంది కదా, ఆ అలవాటు. అల్లుడు సంచి చూసి, "అత్తయ్యా, రెండున్నర యూరోలు తొక్కేశారు" అని ఒకటే నవ్వు.

అక్కడ ఒకసారి వాడి పడేసే డ్రింకు సీసాలు, డబ్బాల్లో చాలావాటికి 25 సెంట్లు కొన్నప్పుడే కట్టించుకుంటారు. దాన్ని 'ఫాంట్' అంటారు. 2003లో మొదలైంది. ఖాళీ సీసా తిరిగిచ్చేస్తే ఆ డబ్బు మనదే. కడిగి మళ్లీ నింపే బీరు సీసాలకు మాత్రం మామూలుగా 8 సెంట్లే.

మీరూ పిల్లల దగ్గరికి వెళ్తే ఇలా చేయండి. సీసా నలపొద్దు, లేబుల్ చింపొద్దు. సీసాలు తీసుకునే మిషను లేబుల్ మీది బార్‌కోడ్ గీతలు చదవలేకపోతే సీసాను వెనక్కి తోసేస్తుంది. సూపర్ మార్కెట్లో గోడకి ఆ మిషను గుండ్రటి కంత ఉంటుంది. అందులో సీసాలు ఒక్కొక్కటే, అడుగు వైపు ముందుగా పెట్టాలి. అన్నీ అయ్యాక బటన్ నొక్కితే మనకెంత రావాలో రాసిన చీటీ వస్తుంది. అది ఆ షాపులోనే, బిల్లు కట్టేటప్పుడు ఇవ్వాలి. నేనో చీటీని పర్సులో దాచి దాచి ఇండియాకి తెచ్చేశాను!

రోడ్డు మీద తాగితే చాలామంది ఖాళీ సీసాని చెత్తడబ్బాలో వేయరు, పక్కన నిలబెడతారు. ఏరుకునేవాళ్లు చెత్తలో చెయ్యి పెట్టకుండా తీసుకెళ్తారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇదేమన్నా మనకి కొత్తా? నా చిన్నప్పుడు కూల్‌డ్రింక్ ఇంటికి తెచ్చుకోవాలంటే కొట్టాయన సీసాకి డబ్బులు పట్టుకునేవాడు.

అందుకే మొన్న వినాయకచవితికి మా పందిరి దగ్గర మజ్జిగని ప్లాస్టిక్ గ్లాసుల్లో కాక స్టీలు గ్లాసుల్లో ఇచ్చాం. గ్లాసుకి 10 రూపాయలు డిపాజిట్. మీరూ చేస్తే ఒక మాట: డబ్బు తీసుకునేదీ తిరిగిచ్చేదీ ఒకే బల్ల దగ్గర ఉండాలి. రెండు చోట్ల పెట్టి మొదటి రోజు నానా తిట్లూ తిన్నాం. పది రూపాయల బిళ్లలు ముందే తెచ్చి పెట్టుకోండి, ఫోన్‌లో తిరిగి పంపడం రద్దీలో కుదరదు. గ్లాసులు కడగడానికి ఒక మనిషి కచ్చితంగా కావాలి.

60 గ్లాసుల్లో 57 తిరిగొచ్చాయి. పోయిన మూడింటికి 30 రూపాయలు మిగిలాయి, కొత్తవి కొంటే 120 అయింది. వచ్చే ఏడు డిపాజిట్ 20 చేద్దామంటే మా వారు ఒప్పుకోవడం లేదు.