పారిశ్రామిక పార్కుపై ప్రజాభిప్రాయ సేకరణకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ప్రభుత్వ సంస్థ తలపెట్టిన పారిశ్రామిక పార్కుపై మీ మండలంలో ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన వెలువడితే, దాన్ని మామూలు సభగా తీసిపారేయకండి. పర్యావరణ అనుమతి పొందిన పార్కులోకి తరువాత వచ్చే కర్మాగారాలకు సాధారణంగా విడిగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు కనుక, ఊరి మాట రికార్డులకెక్కే అవకాశం చాలావరకు ఇదొక్కటే.

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈలోగా, పార్కు వల్ల పర్యావరణంపై పడే ప్రభావాన్ని వివరించే ముసాయిదా నివేదిక కలెక్టర్ కార్యాలయంలోనూ, జిల్లా పరిషత్‌లోనూ, పంచాయతీలోనూ అందుబాటులో ఉండాలి. తెలుగులో సాధారణంగా సారాంశమే దొరుకుతుంది. దానితో సరిపెట్టుకోక, చదువుకున్న పిల్లల చేత అసలు నివేదికలో నీటికి సంబంధించిన భాగమైనా చదివించుకోండి. నివేదికకు కావలసిన వివరాలను వానాకాలం కాని ఒక్క సీజన్‌లో సేకరించినా నిబంధనలకు సరిపోతుంది కాబట్టి, ఏప్రిల్‌లో ఇసుక తేలి కనిపించిన వాగు ఆగస్టులో ఏ సర్వే నంబర్ల దాకా పొంగుతుందో అందులో ఉండకపోవచ్చు. అది తెలిసింది ఆ ఒడ్డున నాట్లు వేసేవారికే. మునిగిన సర్వే నంబర్లు, తేదీతో ఉన్న ఫొటోలు, బోర్ల లోతు, చెరువు ఆయకట్టు వివరాలు జతచేసి, నివేదికలోని పేజీ సంఖ్యను పేర్కొంటూ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోండి. లేవనెత్తిన పర్యావరణ అంశాలకు ప్రాజెక్టు యాజమాన్యం తుది నివేదికలో సమాధానం చెప్పి తీరాలి. “పార్కు వద్దు” అన్న ఒక్క వాక్యం కింద వంద సంతకాలున్నా, చెప్పవలసిన సమాధానం పెద్దగా ఉండదు.

బహిష్కరణ పిలుపు వినడానికి గంభీరంగానే ఉంటుంది గానీ, కనీసం ఇంతమంది హాజరు కావాలన్న కోరం నిబంధన లేనందున సభ ఆగదు. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహించే ఈ సభను ఆసాంతం వీడియో తీయాలి, చివర్లో మినిట్స్‌ను, అంటే సభలో వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని, తెలుగులో చదివి వినిపించాలి. సరిగ్గా జనం ఇళ్లకు లేచిపోయే వేళ అదే. నలుగురైనా చివరిదాకా కూర్చుని, వాగు గురించి చెప్పిన మాట “స్థానికులు ఉపాధి కోరారు” అన్న ముక్కలో కలిసిపోలేదని చూసుకోండి. కలిసిపోతే అక్కడికక్కడే సరిచేయమని అడగండి.

పార్కుకు పర్యావరణ అనుమతి వెలువడితే, 30 రోజుల్లోగా చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ ధర్మాసనంలో అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అనుమతిస్తారు, ఆపైన ఒక్క రోజు ఆలస్యాన్నయినా మన్నించరు. కాబట్టి పర్యావరణ అనుమతుల వివరాలు పెట్టే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌ను వారం వారం చూసే పనిని సభ ముగిసిన రోజే ఒకరికి అప్పగించండి.